బెర్యోజ్కా గుమ్మం

మా తాత నెల్లిమర్ల జూట్ మిల్లులో కార్మికుడు. ఆయన కొడుకు, అంటే మా మావయ్య, 1980 దశకంలో స్కాలర్‌షిప్పు మీద మాస్కో వెళ్ళి లుముంబా విశ్వవిద్యాలయంలో చదివాడు. వస్తూ వస్తూ తండ్రికోసం ఒక జపాను టేపురికార్డరు తెచ్చాడు. షిఫ్టు దిగి వచ్చిన తాత, వాకిట్లో నులకమంచం వాల్చుకుని దానిమీదనే వంగపండు పాటలు వినేవాడట. నా చిన్నతనంలో అది మూగబోయి అటక మీద వుండేది. అయినా దాన్ని సోషలిజం మా యింటికి పంపిన కానుకగానే నేను భావించాను.

దాన్ని ఎక్కడ కొన్నదీ మావయ్య చాలాకాలం చెప్పలేదు. నేను లెక్చరరునయిన తరువాత, ఒకనాడు తనంతట తానే చెప్పాడు. వేసవి సెలవుల్లో లండన్ పోయి, హోటల్లో పళ్ళేలు కడిగి సంపాదించిన పౌండ్లతో బెర్యోజ్కాలో కొన్నాడు. తన గదిలోనే వుండే రష్యన్ కుర్రవాడు, ఒక లేతు కార్మికుని కొడుకు, తోడు వచ్చి మంచులో బయటనే నిలబడ్డాడు. "లోపల ఏమున్నాయి?" అని అడిగితే, "ఏముంటాయి, చెక్కబొమ్మలు" అని మావయ్య అబద్ధమాడాడు. టేపురికార్డరు కోటు కింద దాచుకున్నాడు.

బెర్యోజ్కాలు 1960 దశకంలో వెలిసిన ప్రభుత్వ దుకాణాలు. విదేశీ ద్రవ్యం పుచ్చుకునే దుకాణాల్లో రూబులు చెల్లదు. మామూలు సోవియట్ పౌరుని దగ్గర డాలరు దొరికితే నేరం. విదేశాల్లో పనిచేసి వచ్చినవారి కోసం చెక్కుల మీద నడిచే బెర్యోజ్కాలు వేరుగా వుండేవి. అవి 1988లో మూతపడ్డాయి. తూర్పు జర్మనీలో ఇంటర్‌షాప్, పోలండులో పెవెక్స్, చైనాలో మైత్రీ దుకాణం కూడా యీ కోవలోనివే.

వీటికి పూర్వరూపం టోర్గ్‌సిన్. మొదట విదేశీయులకోసమే పెట్టినా, 1931 నుంచి బంగారం తెచ్చిన స్వదేశీయులనూ రానిచ్చారు. 1932–33 కరువులో జనం పెళ్ళి ఉంగరాలు తూకం వేయించి పిండి పట్టుకుపోయారు. ఆ బంగారం పరిశ్రమలకు కావలసిన యంత్రాలకు మూల్యమయింది. 1936లో దాన్ని ఎత్తివేశారు.

చుట్టూ శత్రువులున్న దేశం, యంత్రాలు కొనాలి, ఎవరూ అప్పివ్వరు. ఈ వాదాన్ని నేను తేలికగా కొట్టివేయలేను. కాని దుకాణం సంపాదించిన ద్రవ్యానికి లెక్క వున్నది; గుమ్మం బయట నిలబడ్డవాని మనసులో పోయినదానికి లెక్క ఏదీ? లేమిని అందరితోపాటు మనిషి భరిస్తాడు. నీ చెమటకిచ్చిన నాణెం నీ రాజ్యపు దుకాణంలోనే చెల్లదంటే భరించలేడు. "ఇండియన్లకు ప్రవేశం లేదు" అన్న తెల్లవాళ్ళ క్లబ్బుల బోర్డును ఏవగించుకున్న మనం, మాస్కోలోని ఆ గుమ్మాన్ని గురించి యేం రాశాం? విశాలాంధ్ర దుకాణంలో చవకగా కొన్న సోవియట్ పుస్తకాల్లో నాకు ఆ గుమ్మం కనబడలేదు. మావయ్య లాగే మనమూ కోటు కింద దాచుకున్నాం.

ఈ సంగతి క్లాసులో చెబితే ఒక విద్యార్థి లేచి, "అయితే మీరింకా ఆ పక్షమేనా, మాష్టారూ?" అని అడిగాడు.

ఆ పక్షమే. గుమ్మం బయట మంచులో నిలబడ్డ ఆ లేతు కార్మికుని కొడుకు పక్షమే.