నిదానం

గత మాఘమాసంలో అమరేశ్వరుని దర్శనానికై గుంటూరు నుండి కారులో అమరావతికి బయలుదేరాను. తాడికొండ దాటేసరికి డాష్‌బోర్డుపై ఇంజను దీపం వెలిగింది. అది నాకు కొత్త కాదు. నెల క్రితం ఒక మరమ్మతుశాలలో ఆక్సిజన్ సెన్సార్ చెడిపోయిందని చెప్పి, వేల రూపాయల ఖర్చుతో కొత్తది అమర్చారు. మందు మారినా రోగం మారలేదు.

అమరావతిలో ఒక వృద్ధ మెకానిక్ ఇంజను చప్పుడు కాసేపు విని ఇలా అన్నాడు: "సెన్సార్ తప్పేం లేదు మాస్టారూ! అది ఉన్నమాటే చెబుతోంది. గాలి ఎక్కడినుంచి దూరుతోందో చూడాలి."

పెట్రోలు ఇంజనులో ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. లోపలికి వెళ్లే గాలిని నా కారులో ఒక సెన్సార్ కొలుస్తుంది. మండగా మిగిలిన ప్రాణవాయువును పొగగొట్టంలోని మరో సెన్సార్ పసిగడుతుంది. ఈ రెండింటి నడుమ గొట్టమేదైనా చీలితే, కొలతకు అందని గాలి ఇంజనులోకి చొరబడుతుంది. ఆ సంగతి తెలిపిన సెన్సార్‌నే మేము దోషిగా భావించాము.

ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు తేడా ఎక్కువగానూ, వేగం పెంచితే తక్కువగానూ ఉండటం అతడు గమనించాడు. పిమ్మట ఇంజను ఆపి, గాలి పీల్చే మార్గంలోకి పొగ పంపాడు. వేడికి గట్టిపడి చీలిన ఒక రబ్బరు గొట్టం మలుపులో సన్నని పొగ లేచింది. జానెడు గొట్టం మార్చాక ఆ దీపం మళ్లీ వెలగలేదు.

సంస్కృతంలో నిదానమంటే మూలకారణం. రోగకారణాలను వివరిస్తూ మాధవకరుడు రచించిన వైద్యగ్రంథానికి మాధవనిదానమని పేరు. తెలుగులో నిదానమంటే తొందరపడకపోవడం. ఈ రెండర్థాలనూ ఏళ్లతరబడి బోధించాను. మొదటిది దొరకాలంటే రెండవది ఎంత అవసరమో ఆనాడు కళ్లారా చూశాను.

తిరుగుప్రయాణంలో కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలను చూడగానే ఒక పాత విద్యార్థి జ్ఞాపకం వచ్చాడు. తరగతిలో కునికిపాట్లు పడుతున్నాడని అతనిని పలుమార్లు అందరిముందూ నిలబెట్టాను. రాత్రివేళల్లో మిర్చియార్డులో బస్తాలు మోస్తున్నాడని సంవత్సరాంతంలో గాని తెలియలేదు. నేను అడగలేదు, అతడు చెప్పలేదు.

ఇప్పుడు తరగతిలో ఎవరైనా కునికితే నిలబెట్టను. గంట కొట్టిన తరువాత పక్కకు పిలిచి, "రాత్రి నిద్రపోయావా నాయనా?" అని అడుగుతాను.