చల్లదనపు యంత్రమునకొక కావలి

వంటింటి ప్రెషర్ కుక్కరు మూతపై నుండు చిన్న రక్షక కవాటమును మనమందర మెరుగుదుము. లోపలి యావిరి మితిమీరినపుడు అది తాను కరగిపోయి యావిరికి దారి యిచ్చి, యింటిల్లిపాదిని కాపాడును. దానిని మేకుతో బిగగొట్టి మూయుటకు ఏ యిల్లాలును సమ్మతింపదు. అయినను అట్టి కావలినే మరియొక యంత్రమున మూయుటకు నేను గడచిన వేసవిలో సమ్మతించితిని. ఆ తప్పు మరియొకరు చేయకుందురుగాక యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా నివాసము రామగిరి. ఖిల్లా కొండ ఒకవైపు, సింగరేణివారి బొగ్గుగనులు మరియొకవైపు. ఈ సీమయెండలు లోకప్రసిద్ధములు. వైశాఖమున వేడిమి 45 డిగ్రీలకు చేరుట మాకు వింత కాదు. దానికితోడు బొగ్గుపొడి. ప్రొద్దుట తుడిచిన తులసికోటపై సాయంకాలమునకు వ్రేలితో అక్షరములు వ్రాయవచ్చును. మావారు భూగర్భగనిలో పనిచేయుదురు. మా అత్తగారికి డెబ్బది రెండేండ్లు, ఉబ్బసము కలదు. వేడిగాలి తగులనీయవలదని వైద్యులు చెప్పుటచే, అప్పుచేసి ఆమెగదిలో ఏ.సి. యంత్రమును పెట్టించితిమి. దాని వెలుపలిపెట్టె సరిగా ఆమె మంచమునకు గోడ కావలనే యున్నది.

ఒకనాటి మధ్యాహ్నమున ఆ యంత్రము పావుగంట నడచి ఆగిపోవుట మొదలిడెను. లోపలి పంకా తిరుగుచునే యుండును. వెలుపలి కంప్రెసరు మాత్రము నిలిచిపోవును. కొంతసేపటికి మరల నడచును, మరల నాగును. అత్తగారి రొప్పు హెచ్చుచుండెను. పిలిపించిన మెకానిక్కు, పడుచువాడు, మూత విప్పి, "అమ్మా, ప్రెషర్ స్విచ్చి చెడినది. ఈ రెండు తీగెలను కలిపి ముడివేసిన చాలును; క్రొత్త స్విచ్చి ఖర్చు తప్పును" అనెను. నేను సంతోషముతో సరే యంటిని. యంత్రము ఆగక నడచినది. గది చల్లబడినది. వానికి కాఫీ యిచ్చి పంపితిని.

రాత్రి పదకొండు దాటిన పిమ్మట మావారు రెండవ షిఫ్టు ముగించుకొని వచ్చిరి. వెలుపలిపెట్టె గొంతు బొంగురుపోయినట్లు మ్రోగుచుండుట విని, టార్చిలైటు వేసి చూచి, మారుమాటాడక మెయిన్ స్విచ్చి దించివేసిరి.

"అత్తయ్యగారికి ఆయాసముగా నున్నది గదా!" అని కోపగించితిని.

"గోడ కావలనే అమ్మ పరుండియున్నది గదా!" అని వారనిరి. "గనిలో మాకు రక్షణదీపముండును. డేవీ యను దొర 1815లో కల్పించినది. గాలిలో దుష్టవాయువు చేరినపుడు దాని జ్వాలపై నీలికుచ్చు కనబడును. అపుడు దీపము చెడినదని తిట్టి ముందునకు నడుతుమా? వెనుకకు మరలుదుము."

నాకు నోట మాట రాలేదు. మంచముపైనుండి అత్తగారే, "కోడలా, నా మంచము వేపచెట్టు క్రింద వేయుము. అరువదియేండ్లు ఈ యంత్రము లేకయే బ్రతికితిని" అనిరి. తడిపిన దుప్పటులు చుట్టును కట్టి, విసనకఱ్ఱతో విసరుచు తెల్లవారుదాక కూర్చుంటిని. ఆమె దగ్గిన ప్రతిమారును నా బుద్ధిహీనత నాకు గుర్తునకు వచ్చుచుండెను.

మరునాడు మావారు ఎరిగిన వృద్ధుడగు మెకానిక్కు వచ్చి పరీక్షించిన విధమును కన్నులార చూచితిని. ముందుగా విద్యుత్తు పూర్తిగ నాపెను. ఆపిన తరువాతను కెపాసిటరులో శక్తి నిలిచియుండునట, దానిని పోగొట్టెను. ముడివేసిన తీగెలను విప్పి, స్విచ్చి కొసలకు మల్టీమీటరు తగిలించెను. మీటరు కూత పెట్టెను. యంత్రము చల్లారియుండగా ఇట్లు మ్రోగిన, స్విచ్చి మూసికొనియున్నదనియు, విద్యుత్తుకు దారి యిచ్చుచున్నదనియు అర్థము. మ్రోగనిచో, ఒత్తిడి సరిగా నున్నదని గేజితో నిశ్చయించుకొనిన మీదటనే స్విచ్చిని తప్పుపట్టవలెనట.

"మూసికొనుట చూచితిమి. సమయమునకు తెరచుకొనునా యనునదే అసలు పరీక్ష" అని యతడు తీగెలను యథాస్థానమున నుంచి, గ్యాసుగొట్టమునకు గేజి తగిలించి యంత్రమును నడపెను. ముల్లు క్రమక్రమముగ పైకెక్కెను. మా యంత్రములోని గ్యాసు ఆర్-410ఏ. ముల్లు చదరపు అంగుళమునకు 600 పౌనులు దాటగానే టక్కుమని శబ్దమై కంప్రెసరు నిలిచెను. మన కుక్కరులోని ఒత్తిడి సుమారు 15 పౌనులే యని తెలిసికొన్నచో, ఆ 600 ఎంతటిదో మీకే బోధపడును.

కాగా స్విచ్చి చెడలేదు. అది సత్యమే పలికినది. మరి దోషమెక్కడ? వెలుపలిపెట్టె వెనుకనున్న సన్నని రేకులసందులు బొగ్గుపొడితోను, వేపపూతతోను కంబళివలె పూడిపోయినవి. వేడి వెలుపలికి పోవు దారి లేక లోపలి ఒత్తిడి పెరిగినది. మెల్లగా నీరు పోసి కడుగగా నల్లని ప్రవాహము పారెను. మరల నడపినపుడు ముల్లు 450 ప్రాంతమున నిలిచెను. క్రొత్త స్విచ్చి కొననక్కర లేకపోయెను.

ఈ స్విచ్చి అన్ని యంత్రములందును ఉండదు. కొన్నిట హెచ్చు ఒత్తిడికొకటి, గ్యాసు కారిపోయి తగ్గినపుడు ఆపుటకొకటి యుండును. సోదరీమణులారా, మీరు స్వయముగ మూత విప్పవలదు. అది నేర్చినవారి పని. అయినను మెకానిక్కు "తీగెలు కలిపెదను" అనినచో, "గేజి పెట్టి చూచితివా? రేకులు కడిగితివా?" అని యడుగుడు. మావంటి దుమ్ముసీమలలో వేసవికి ముందే ఆ రేకులను కడిగింపుడు.

ఇపుడు అత్తగారు చల్లనిగదిలో సుఖముగ నిద్రించుచున్నారు. ఈ కథయంతయు విని వారు నవ్వి, "ఇంటిలో వలదని చెప్పు ప్రాణియొకటి ఉండవలెనే కోడలా! ఇంతకాలము నేనుంటిని. ఇపుడు నాకు తోడు ఆ స్విచ్చి వచ్చినది" అనిరి.