ఉత్తరమా, దక్షిణమా?

చంద్రపూరు రైలుస్టేషనులో నిలబడిన తెలుగువాడిని రెండు దిక్కులు పిలుస్తూ ఉంటాయి. ఉత్తరంగా వెళ్లే బండి నాగపూరు చేరుస్తుంది. దక్షిణంగా వెళ్లేది బల్లార్షా దాటి, గోదావరి వంతెన మీదుగా కాజీపేట చేరుస్తుంది. బొగ్గుగనిలో కొలువు కోసం మా నాయన ఆ దక్షిణపు దారినే ఇక్కడికి వచ్చినాడు. నేనూ ఆ గనులలోనే పనిచేసి విరమించినాను.

ఈ మధ్య మా మనుమరాలు పదవ తరగతి ముగించి, ఇంజనీరింగు చదువుతానన్నది. "వరంగల్లు పంపుదాం, అక్కడ మనవాళ్లున్నారు" అన్నది మా ఇల్లాలు. "ఇంటరు కూడా అక్కడే చదివిద్దాం" అన్నది కోడలు. పిల్ల నా వైపు తిరిగి, "తాతయ్యా, ఏ ఊరికి పంపాలనే అందరూ ఆలోచిస్తున్నారు. ఎటువంటి కాలేజీలో చేర్పించాలని ఎవరూ అడగరేం?" అన్నది.

ఆ మాట నన్ను గుచ్చినది. పాతికేళ్ల క్రిందట దాని తండ్రి విషయంలో నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. మన భాష వినిపించే చోటు గదా అని, ఒక దూరపు ప్రైవేటు కళాశాలకు అప్పు చేసి పంపినాను. భవనం చూసినాను గాని, ప్రయోగశాల తలుపు తీయించి చూడలేదు. వాడు పట్టా తెచ్చుకున్నాడు. యంత్రం ముందు నిలబడే ధైర్యం తెచ్చుకోలేదు. నా ప్రావిడెంటు ఫండులో సగం ఆ అప్పుకే పోయినది. వాడు నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అదే నాకు బరువు.

అందుచేత ఈసారి విచారించి తెలుసుకున్న సంగతులు తోటివారికి చెప్పడం ఉచితమని తోచినది.

1959లో వరంగల్లులోను, 1960లో నాగపూరులోను నెలకొన్న ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలు 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థలైనవి. వాటిలో ప్రవేశానికి జేఈఈ మెయిన్ పరీక్ష. ఒక్కొక్కదానిలో సగం సీట్లు ఆ రాష్ట్రపు విద్యార్థులకే. సరిహద్దున బ్రతికే మనం ఇక్కడొక సూక్ష్మం గమనించాలి. ఆ రాష్ట్రమేదో నిర్ణయించేది మాతృభాష కాదు, తాతల ఊరూ కాదు. పన్నెండవ తరగతి మొదట ఎక్కడ ఉత్తీర్ణులైనారన్నదే. ఇక్కడ చదివిన పిల్లకు సొంత రాష్ట్రపు సంస్థ నాగపూరుది. ఇంటరుకు తెలంగాణ పంపితే అది వరంగల్లుకు మారుతుంది. కనుక ఈ ఆలోచన పదవ తరగతి ముగిసిననాడే జరగాలి.

ఇక రాష్ట్ర ప్రభుత్వ కళాశాల 1996 నుండి మన చంద్రపూరులోనే ఉన్నది. దగ్గరిది గనుక తక్కువదని భావించడం అవివేకం. ప్రైవేటు కళాశాలలలో మంచివీ ఉన్నవి, కానివీ ఉన్నవి. అక్కడ అడిగి తీరవలసిన ప్రశ్నలు కొన్ని: పిల్ల కోరిన శాఖకు జాతీయ గుర్తింపు మండలి, అనగా ఎన్‌బీఏ, గుర్తింపు ఉన్నదా? ఆ గుర్తింపు శాఖకే గాని కళాశాల మొత్తానికి ఇచ్చేది కాదు. అధ్యాపకులు స్థిరంగా ఉంటున్నారా, ఏటేటా మారిపోతున్నారా? హాస్టలు ఖర్చుతో కలిపి నాలుగేళ్లకు ఎంత అవుతుంది? స్వయంప్రతిపత్తి గల కళాశాల పాఠ్యక్రమాన్నీ, పరీక్షలనూ తానే ఏర్పరచుకుంటుంది. మంచి అధ్యాపకులుంటే అది వరం. లేకుంటే వట్టి బిరుదు.

ఇదంతా విని మా ఇల్లాలు, "మరి పిల్లకు తెలుగు?" అన్నది. ఆమె బెంగ నిజమైనదే. కాని తెలుగు నేర్పవలసినది మన ఇల్లు, ఇంజనీరింగు నేర్పవలసినది కళాశాల. ఒకదాని పని రెండవదానికి అప్పగించి నేనొకసారి నష్టపోయినాను.

పిల్లను పదకొండు, పన్నెండు తరగతులు ఇక్కడే చదివించాలని నిశ్చయించినాము. ఆ పిమ్మట ఏ కళాశాల అన్నది దాని మార్కులు చెప్పాలి. అంతవరకు మౌనంగా కూర్చున్న మా అబ్బాయి అప్పుడు నోరు విప్పినాడు.

"ఏ కాలేజీ అయినా సరే నాన్నా, చేర్చేముందు ప్రయోగశాల నేను చూసి వస్తాను."