నకలు కాగితాల మీద బొమ్మలు

మార్కాపురం పిల్లలకు పలకల కొరత లేదు. చుట్టూ పలకరాయి గనులు, పలకల ఫ్యాక్టరీలు. బొమ్మ గీయడం, అరచేత్తో తుడిచేయడం, మళ్ళీ గీయడం. గీసిన బొమ్మ నిలిచి ఉంటుందని మాకు మొదట చూపించింది కార్బన్ పేపరు.

రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాళ్ళు, పలకల వ్యాపారుల గుమాస్తాలు కార్బన్‌ను రంగు అరిగేదాకా వాడి పారేసేవారు. అది మాకు చాలు. చందమామ పత్రిక తెరిచి, శంకర్ గారు వేసిన విక్రమార్కుడి కింద కార్బన్, దాని కింద తెల్లకాగితం పెట్టేవాళ్ళం. ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గీసేవాళ్ళం, పుస్తకం పాడవకూడదు కదా. భుజాన శవం, చేత కత్తి, కాలి మడమ దగ్గర వంపు, అన్నిటి వెంటా చేయి నడవాలి. వేలు నొక్కిన చోట గీత ముదిరేది, తేలిపోయిన చోట సన్నబడేది. ఆ కార్బన్‌ను వెలుతురుకు పట్టుకుంటే ఎవరిదో పొలం హద్దులు, ఎక్కడికో పంపిన పలకల లెక్కలు, వాటి మధ్య మా విక్రమార్కుడు కనిపించేవాడు. అక్కలు అదే కార్బన్‌తో దిండు గలీబుల మీద పూలు దించుకుని గొలుసుకుట్టు కుట్టేవారు.

గిద్దలూరులో చదివేటప్పుడు స్టెన్సిల్ పరిచయమైంది. పరీక్ష పేపర్లన్నీ సైక్లోస్టైల్‌వే. స్టెన్సిల్‌లో పలుచటి కాగితానికి మైనం పూత ఉంటుంది. టైపు అక్షరమో ఇనుప మొన కలమో ఆ పూతను తొలిస్తే, ఆ సందుల్లోంచి ఇంకు దిగి కింది కాగితం మీద పడుతుంది. ముగ్గు గొట్టం చిల్లుల్లోంచి పిండి రాలినట్టే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హంగేరీ నుంచి లండన్ చేరిన డేవిడ్ గెస్టెట్నర్ ఈ పద్ధతిని ఆఫీసులకు అలవాటు చేశాడు.

చెస్టర్ కార్ల్‌సన్ 1938లో అమెరికాలో సాధించిన పొడి అచ్చు, జిరాక్స్ అనే పేరుతో మా బజారుకు చేరాక, మిగిలిన స్టెన్సిళ్ళు బీరువాలో పడ్డాయి. మా డ్రాయింగు మాస్టారు వాటిని తీసి మా చేతికిచ్చారు. సైక్లోస్టైల్ మిషను అక్కర్లేదన్నారు. స్టెన్సిల్ మీద బొమ్మ గీసి, కాగితం మీద పరిచి, ఇంకు పూసిన రబ్బరు రోలరు పైనుంచి నడిపించారు. మా లిఖిత పత్రిక ముఖచిత్రం అలా వచ్చింది. గుండ్రని గీత గట్టిగా చుట్టేస్తే మధ్య ముక్క ఊడిపోయి నల్లటి మచ్చ పడేది. అందుకే కంటికి, చందమామకు గీత పూర్తిగా కలపకుండా వెంట్రుకవాసి వదలమనేవారు. పది కాపీలు తీస్తే పదీ పది రకాలు. ఒకదాంట్లో ఇంకు చిక్కన, ఒకదాంట్లో పలచన.

ఇప్పుడు బటన్ నొక్కితే నకలు వస్తుంది. అప్పుడు నకలు తీయాలంటే బొమ్మనంతా చేత్తో చదవాల్సి వచ్చేది. మాకు చూడటం నేర్పింది ఆ పనే. కార్బన్ పేపరు స్టేషనరీ షాపుల్లో ఇంకా దొరుకుతోంది. మీ పిల్లలకు నచ్చిన బొమ్మ కింద ఒకటి పెట్టి, పెన్ను చేతికివ్వండి. ఒక మంచి చిత్రకారుడి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వాళ్ళ వేళ్ళకు తెలుస్తుంది.