సీనాయి కొండ మీద నేర్చుకున్న పాఠం

ఒక చలికాలంలో మా సంఘంలోని పన్నెండుమంది విద్యార్థులను ఐగుప్తు దేశానికి తీసుకొని వెళ్ళాము. అందరూ పదిహేను, పదహారేళ్ళ పిల్లలే. మోషే ధర్మశాస్త్రం పొందిన స్థలమని తరతరాలుగా విశ్వాసులు ఎంచుతున్న సీనాయి కొండ ఎక్కాలని వారి ఆశ.

ఆ కొండ ఎత్తు 2,285 మీటర్లు. దాని అడుగున 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన సెయింట్ కేథరిన్ మఠం ఉంది. శిఖరం మీద సూర్యోదయం చూడాలని అర్ధరాత్రి దాటాక టార్చిలైట్లతో బయలుదేరాము. జెబెలియా తెగకు చెందిన ఒక బెదూయిను మాకు దారి చూపాడు. ఒంటెలు నడిచే బాట ముగిశాక ఇంకా సుమారు 750 రాతిమెట్లు ఎక్కాలి.

మెట్ల దగ్గర పిల్లలను లెక్కపెడితే పదకొండుమందే ఉన్నారు! మా గుండెలు జారిపోయాయి. చురుకైన పిల్లల వెంట మేమిద్దరమూ ముందు నడిచాము. ఆయాసపడుతున్న అమ్మాయిని గమనించలేదు. మాలో ఒకరం పిల్లల దగ్గర ఉండి ప్రార్థించాము, మరొకరం దారి చూపే అతనితో వెనక్కి దిగాము. రెండు మలుపుల కింద ఆమె చలికి వణుకుతూ, ఏడుస్తూ కూర్చొని ఉంది. శాలువా కప్పి, వేడి టీ తాగించి, ఆమె నడకతోనే పైకి నడిచాము. శిఖరం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఒక్క పిల్లవాడూ సణగలేదు.

తన పిల్లలు నడవగలిగినంత మెల్లగానే వస్తానని యాకోబు ఏశావుతో చెప్పిన మాట (ఆది. 33) మాకు అక్కడ అర్థమైంది. దిగేటప్పుడు ఆ అమ్మాయిని ముందు నడిపించి, మేము వెనుక నడిచాము.

తల్లిదండ్రులారా, మీ ఇంటిలో వెనుకబడిన బిడ్డ ఎవరు? నేడే ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.