మామూలేలే బాబాయ్

"ఐ అగ్రీ" నొక్కీ నొక్కీ అలవాటైన చెయ్యి కదా, పోయినేడాది ఆసుపత్రిలో మా బాబాయి కన్సెంట్ ఫారం మీద సాక్షి సంతకం కూడా అలాగే పెట్టేశాను. నాలుగు పేజీల ఇంగ్లీషు. మధ్యలో ఎక్కడో "ధమనికి గాయం కావచ్చు" అని ఓ లైను. "ఏముందిరా అందులో?" అన్నాడు బాబాయి. "మామూలేలే బాబాయ్" అన్నాను. ఆయనా సంతకం పెట్టాడు.

ఆయనకి లివర్లో క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్‌కి వీల్లేదు, టేస్ చేద్దామన్నారు. గజ్జల దగ్గర ధమనిలోకి సన్నటి తీగ, దాని మీదుగా కాథెటర్ పంపి, కాలేయ ధమని దాకా వెళ్ళి, గడ్డకి రక్తం తెచ్చే కొమ్మలో మందు వదిలి ఆ దారి మూసేస్తారు. కాలేయానికి ముప్పావు వంతు రక్తం పోర్టల్ సిర నుంచి వస్తుంది, మిగతాదే ధమని నుంచి. గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీదే బతుకుతుంది. అందుకని ధమని కొమ్మ మూస్తే గడ్డ మాడుతుంది, కాలేయం నిలబడుతుంది. (మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఫెయిలోవర్ ఉందన్నమాట.)

మొదటి విడత బాగానే జరిగింది. రెండోసారి గంటన్నర పడుతుందన్నవాళ్ళు అరగంటకే బయటికొచ్చారు. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. తీగ కొస తగిలి ధమని లోపలి పొర చిరిగింది, రక్తం పొరల మధ్యకి దూరి దారి ఇరుకైంది, అందుకే ఆపేశాం అని. డిసెక్షన్ అంటారట. పోర్టల్ సిర బాగుంది కాబట్టి కాలేయానికి భయం లేదు, ఇలాంటివి చాలావరకు వాటంతటవే మానతాయి, కొన్ని వారాలు ఆగి స్కాన్ తీద్దాం అన్నారు.

కోపం వచ్చింది, ఎవరి చెయ్యి జారిందని. కానీ ఆయన ఏమీ దాచలేదు, అందుకే ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది... ఆ ధమని మెలికలు తిరిగి ఉంటుంది, లోపలికి పంపే మందు కూడా దాని గోడని దెబ్బతీస్తుంది, విడతలు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. అసలు నష్టం ఇంకోటి. ధమని పూర్తిగా మూసుకుపోతే మందు పంపే దారి పోతుంది, గడ్డ మాత్రం డయాఫ్రం ధమని లాంటి పక్కదార్ల నుంచి రక్తం లాక్కుంటుంది. "ధమని దెబ్బతింటే తర్వాతి విడత ఎలా చేస్తారు?" అని ముందే అడిగి ఉంటే చెప్పేవారే. నేనే అడగలేదు.

స్కాన్లో దారి తెరుచుకున్నట్టు కనిపించింది. మూడో విడతకి మళ్ళీ ఫారం వచ్చింది. ఈసారి మంచం పక్కన కూర్చుని లైను లైనూ తెలుగులో చెప్పాను. ఆ లైను దగ్గర బాబాయి ఆపి, "అదేనా క్రితంసారి జరిగింది?" అన్నాడు.

"అవును బాబాయ్."

"మరి మామూలే అన్నావు?"

నేనేమీ మాట్లాడలేదు. ఆయనే పెన్ను అడిగి తీసుకున్నాడు.