రెండు బొమ్మల మధ్య ఏముంది?

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. హైదరాబాద్ అబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దించే ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద మాత్రం గోనెసంచుల మూటలు విప్పుకుంటున్నాయి. ఎంసెట్ గైడ్ల పక్కన షేక్‌స్పియర్, వంటల పుస్తకాల మీద చేజ్ నవలలు... చూస్తుండగానే జీపీఓ పరిసరాలన్నీ పుస్తకాలతో నిండిపోతాయి.

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఒకప్పుడు ఇక్కడ దుకాణం పెట్టారు. ఆ పేరే ఈ చోటుకి స్థిరపడింది. దుకాణం పోయింది. ఆదివారాలు పుస్తకాలవయ్యాయి.

నేనొచ్చింది నవల కోసం కాదు. నాన్న కోసం.

నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. సంక్రాంతి ముందు బాత్‌రూమ్‌లో జారి పడ్డారు. ఎముకలేం విరగలేదు కానీ ధైర్యం విరిగింది. ఇంట్లో కూడా గోడ పట్టుకునే నడుస్తున్నారు. తాయ్‌చీ సాధనతో పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఫిజియోథెరపిస్టు కూడా మంచిదేనన్నారు. ‘‘పుస్తకం తెచ్చిపెట్టమ్మా, చూసి నేర్చుకుంటా’’ అన్నారు నాన్న. జీవితమంతా పుస్తకాన్ని నమ్మిన మనిషి మరి!

మొదట కొన్నది నున్నటి కాగితాల పుస్తకం. పేజీకి నాలుగు ఫొటోలు. మొదటి ఫొటోలో బరువు కుడికాలి మీద, రెండో ఫొటోలో ఎడమకాలి మీద. మధ్యలో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. నాన్న అలాగే చేయబోయి తూలి, కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు.

ఉప్పు కొట్లో దొరికిన గ్రంథం

మంచి పుస్తకం కోసం వెతుకులాట తాయ్‌చీకి కొత్త కాదు. 1850ల్లో చైనాలోని వూయాంగ్‌లో ఒక ఉప్పు కొట్లో ఓ పాత రాతప్రతి దొరికిందట. అది వాంగ్ జోంగ్యూ రాసినదని చెబుతారు. దొరికింది అక్కడ అధికారిగా ఉన్న వూ చెంగ్‌చింగ్‌కి. దాన్ని ఆయన తమ్ముడు, తాయ్‌చీ సాధకుడు వూ యూషియాంగ్‌కి అందించారు. ఈ కథ ఎంతవరకు నిజమో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తాయ్‌చీ వాళ్లు ఇప్పటికీ చదివే మూల రచనల్లో ముఖ్యమైనవి మాత్రం అలా వచ్చినవేనంటారు.

తాయ్‌చీ, షింగ్‌యీ, బాగ్వా... ఈ మూడింటినీ చైనాలో ‘అంతర్గత’ విద్యలంటారు. కండబలం కన్నా శ్వాస, నడుము, నిలకడ ముఖ్యం వీటికి. మూడింటిలోనూ ఆరితేరిన సన్ లుటాంగ్ 1915లో షింగ్‌యీ మీద, 1921లో తాయ్‌చీ మీద పుస్తకాలు వేశారు. యాంగ్ చెంగ్‌ఫు చెప్పిన పది సూత్రాల్లో ఒకటి ఏ కాలు ‘నిండుగా’ ఉందో, ఏది ‘ఖాళీగా’ ఉందో తెలుసుకోవడం. అంటే బరువు ఎక్కడుందో ఎరుక ఉండాలి. మా నాన్నకి కావాల్సిందీ అదే!

నిలబడి చదవాలి

‘‘క్యా హోనా మేడమ్?’’ అన్నాడు పుస్తకాలాయన. తాయ్‌చీ అనగానే బ్రూస్‌లీ పుస్తకం, కరాటే గైడు, యోగాసనాల పుస్తకం తీసి ముందు పెట్టాడు. అయిదో కుప్ప దగ్గర మూడు తాయ్‌చీ పుస్తకాలు కనిపించాయి.

మొదటిది వేల ఏళ్ల రహస్యమంటూ మొదలైంది. పాము, కొంగ పోట్లాట చూసి ఓ సన్యాసి ఈ విద్య కనిపెట్టాడన్నది అందమైన కథే. దాన్ని చరిత్రగా చెప్పే రచయితను మాత్రం కాస్త అనుమానించాలి. గట్టి ఆధారాలు తీసుకెళ్లేది పదిహేడో శతాబ్దపు చెన్ గ్రామం వైపే. రెండోది ముప్ఫై రోజుల్లో నైపుణ్యమంది. పక్కన పెట్టేశాను.

మూడోదానికి అట్ట లేదు. 1956లో చైనా క్రీడా శాఖ రూపొందించిన 24 భంగిమల వరస అందులో ఉంది. ప్రతి బొమ్మ కిందా పాదాల గుర్తులు, బాణాలు. ఒక పేరా చదివి అక్కడే మెల్లగా ఎడమకాలు కదిపాను. ఎప్పుడు మడమ ఆనాలో, ఎప్పుడు బరువు మారాలో చెప్పినట్టే కాలు కదిలింది. తూలలేదు.

‘‘లేనా హై కి నాచ్‌నా హై?’’ అని నవ్వాడాయన. నూట ఇరవై ఇచ్చి తీసుకున్నాను.

కొత్త పుస్తకాలే కావాలనుకునేవారికి ఇంగ్లిష్‌లో మంచివే ఉన్నాయి. యాంగ్ చెంగ్‌ఫు శిష్యుడు ఫు జోంగ్‌వెన్ పుస్తకాన్నీ, యాంగ్ చెంగ్‌ఫు సొంత పుస్తకాన్నీ లూయీ స్వైమ్ అనువదించారు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే డగ్లస్ వైల్ పుస్తకాలు చూడొచ్చు. అయితే ఎంత మంచి పుస్తకమైనా మన భుజం బిగుసుకుపోయిందని చెప్పలేదు. అందుకు గురువు కావాలి, కనీసం పక్కన ఒక మనిషి కావాలి.

తాజ్‌మహల్ హోటల్‌లో ఇడ్లీ తింటూ పేజీలు తిరగేశాను. పాత యజమాని ఒక్కో భంగిమకీ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాడు. పన్నెండు దాకా ఉన్నాయి. పదమూడోది కుడి మడమతో తన్నే భంగిమ. ఒంటికాలి మీద నిలబడాలి. అక్కడి నుంచి పేజీలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ టిక్కులు లెక్కపెట్టారు. ‘‘పాపం, ఒంటికాలి దగ్గర ఆగిపోయాడు’’ అన్నారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నేను పక్కన నిలబడి పేరా చదువుతాను. నాన్న కుర్చీ వీపు మీద ఒక చెయ్యి ఆనించి కాలు కదుపుతారు. ఆరో భంగిమ దాకా వచ్చాం. పదమూడోది ఫిజియోథెరపిస్టు సరేనంటేనే. మొన్న మాత్రం నాన్న ఓ పెన్సిల్ చెక్కి ఆ పేజీలో పెట్టి ఉంచారు.